గోధుమా బియ్యమూ లేకుండా ఇటలీ కైమా ఉండలు

ఇటలీ వాళ్లు 'పోల్పెత్తే' అనే కైమా ఉండల్లో పాలలో నానబెట్టిన పాత రొట్టె కలుపుతారు. కొంచెం మాంసంతో ఎక్కువ ఉండలు రావడానికే ఆ రొట్టె అనుకునేవాళ్లున్నారు. దానికి ఇంకో పని కూడా ఉంది. మాంసం ఉడికేటప్పుడు ప్రోటీన్లు బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తాయి. నానిన రొట్టె ఆ నీటిని పట్టి ఉంచుతుంది, ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా మధ్యలో అడ్డుపడుతుంది. కాబట్టి రొట్టె మానేసిన వాళ్లు దాని స్థానంలో చేతికందిన పొడి ఏదో వేస్తే ఉండ గోలీకాయలా తయారవుతుంది. నీటిని పట్టి ఉంచేదే వేయాలి. ఉద్యోగమంతా రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని, వంటింట్లోనూ పాఠం చెప్పక మానను.

మా కోడలికి గోధుమ పడదు. షుగరు వచ్చాక నేను అన్నం తగ్గించాను. ఇద్దరికీ ఒకే గిన్నెలో వంట కావాలంటే ధాన్యాలన్నీ పక్కన పెట్టడమే సుఖం. కార్న్‌ఫ్లోర్ కూడా మొక్కజొన్న పిండే కనుక అదీ పనికిరాదు.

ముందు మాంసం. ఇటలీలో ఎక్కువగా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి చేస్తారు. గుంటూరులో మా ఇంట్లో మేక మాంసమే. దుకాణంలో అరకిలో భుజం మాంసం, కొవ్వు తీయకుండా, మిషన్‌లో రెండుసార్లు వేయమని చెప్పండి. మా కొట్టతను 'ఈ వయసులో కొవ్వెందుకు మాస్టారూ' అంటాడు. అనుకోనివ్వండి. ఐదో వంతు కొవ్వు లేకపోతే ఎంత మంచి మాంసమైనా పీచులా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కైమాను కడగకండి. కడిగితే పట్టిన నీరు పెనం మీద బయటికొచ్చి, ఉండ వేగాల్సింది పోయి ఉడుకుతుంది. కడగని మాంసం ఇంట్లోకి రానివ్వనని మా ఆవిడ పట్టు. అందుకని ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, శుభ్రమైన గుడ్డతో తుడిపించి, ఆ తర్వాత మిషన్‌లో వేయించడం మా ఇంటి రాజీ.

రొట్టె బదులు నేను వేసేది పుట్నాల పప్పు. మన అమ్మమ్మలు కైమా ఉండల్లో వేసిందే. మూడు పెద్ద చెంచాల మెత్తని పొడిలో మూడు చెంచాల పాలు పోసి పది నిమిషాలు వదిలేస్తే చిక్కని ముద్దవుతుంది. పొడిగా మాత్రం ఎప్పుడూ కలపకండి, అది మాంసంలోని తడినే తాగేస్తుంది. పుట్నాలు శనగలే కనుక ధాన్యం కాదు గానీ, పిండిపదార్థం లేనివి మాత్రం కావు. పప్పులు కూడా మానేసినవాళ్లు అంతే కొలత బాదం పొడి, నీరు పోయేలా గట్టిగా పిండిన గుప్పెడు సొరకాయ తురుము వేసుకోవచ్చు. రుచి బాగుంటుంది, కానీ ఉండ కాస్త పెళుసు. నా ఓటు పుట్నాలకే.

ఇక వాసనలు. ఇటలీ వంటల్లో వేసే ఒరెగానో అనే ఎండాకు సీసా కొనక్కర్లేదు. పెరట్లో వామాకు ఉంటే రెండు ఆకులు సన్నగా తరగండి. ఒరెగానోకు ఘాటునిచ్చే కార్వక్రాల్ అనే పదార్థం వామాకులోనూ ఉంది. మూడో ఆకు వేస్తే బజ్జీల బండి గుర్తొస్తుంది, రెండుతో ఆపండి. ఇటలీ వాళ్లు వాడే బేసిల్ ఆకు కావాలంటే సబ్జా గింజలు కుండీలో చల్లండి. మొలిచేది అదే జాతి మొక్క, సోంపు వాసన కొంచెం ఎక్కువ, అంతే. తులసి వద్దు. అందులోని యూజినాల్ వల్ల లవంగం వాసన వస్తుంది. కోట దగ్గరి తులసిని మాంసంలో వేయడానికి మా ఆవిడ ఎలాగూ ఒప్పుకోదు, అది వేరే సంగతి. అల్లం, గరం మసాలా, ధనియాల పొడి మూడూ డబ్బాల్లోనే ఉండాలి. అవి పడితే మన కైమా ఉండలవుతాయి. దానికేం, మంచి వంటకమే, కానీ ఇవాళ చేస్తున్నది అది కాదు.

నానిన పుట్నాల ముద్దలో ఒక గుడ్డు, మెత్తగా నూరిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, తరిగిన వామాకు, చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, రెండు గీతలు జాజికాయ, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము, ముప్పై గ్రాముల పార్మిజాన్ అనే గట్టి చీజ్ తురుము వేసి ముందే కలపండి. చీజ్ ముక్కగా కొనండి. పొడిగా అమ్మే కొన్ని రకాల్లో అంటుకోకుండా పిండి కలుపుతారు, చీటీ చదవాలి. చివర్లో కైమా వేసి, వేళ్లతో పైపైన, అంతా కలిసేవరకే కలపండి. ఉప్పు పడిన మాంసాన్ని పిసికే కొద్దీ జిగురు పుట్టి బిగుస్తుంది. చపాతీ పిండి కలిపే చేతులకు ఇది కష్టమే. గిన్నెను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. మే నెలలో అయితే ఇది తప్పనిసరి, మా ఊరి ఎండకు కొవ్వు చేతుల్లోనే కరిగిపోతుంది.

ఈలోగా సాస్. నాటు టమాటాలో పులుపూ రసమూ ఎక్కువ, బెంగళూరు టమాటాలో కండ ఎక్కువ. సాస్‌కు కండ కావాలి. కిలో పళ్లకు కింద గాటు పెట్టి, మరిగే నీళ్లలో నిమిషం ఉంచి, తొక్క తీసి చేత్తో నలపండి. స్టీలు గిన్నెలో మూడు చెంచాల ఆలివ్ నూనె, నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, గింజలు దులిపిన ఎండుమిరపకాయ ఒకటి. గుంటూరులో ఉండి కారం వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, ఇటలీలో కలాబ్రియా వాళ్లూ మిరపకాయ ప్రియులే. ఆవాలు, కరివేపాకు జోలికి పోకండి. వెల్లుల్లి లేత బంగారు రంగుకు రాగానే టమాటా, ఉప్పు వేసి సన్నని సెగ మీద అరగంట. పులుపనిపిస్తే పంచదార బదులు క్యారెట్ తురుము వేయండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దలో గోలీ అంత తీసి నూనెలో వేయించి ఉప్పు చూడండి. పచ్చి మాంసం నాలుకకు తగలనివ్వకండి. తర్వాత చన్నీళ్లతో చేతులు తడుపుకుంటూ పెద్ద ఉసిరికాయంత ఉండలు చేయండి. ఇనుప పెనం మీద కొంచెం నూనె బాగా కాగాక ఎడం ఎడంగా పెట్టి, రెండు నిమిషాలు కదపకండి. అడుగు వేగి గోధుమరంగు పొర కట్టాక ఉండ తనంతట తానే పెనాన్ని వదులుతుంది. వదలలేదంటే ఇంకా వేగలేదని. గరిటెతో గీకితే ఆ పొర పెనానికే మిగిలిపోతుంది. అన్ని వైపులా రంగు వస్తే చాలు, లోపల ఉడకడం సాస్‌లో జరుగుతుంది. సాస్‌ను మాత్రం ఇనుప పెనంలో పోయకండి, టమాటా పులుపుకు ఇనుము వాసన పడుతుంది. ఉండల్నే సాస్‌లోకి దించి, మూత ఓరగా పెట్టి, సలసల మరగనివ్వకుండా పాతిక నిమిషాలు ఉంచండి. లోపలి వేడి 71 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు లేకపోతే ఒకటి కోసి చూడండి, మధ్యలో ఎరుపు ఉండకూడదు.

నూడుల్స్ లేకుండా ఎలా తింటారని అడుగుతారు. స్పాగెట్టీ మీద పెద్ద పెద్ద ఉండలు పెట్టడం అమెరికా వెళ్లిన ఇటాలియన్ల పద్ధతి. ఇటలీలో వీటిని ఎక్కువగా విడిగానే, భోజనంలో రెండో వంటకంగా తింటారు. తోడు కావాలంటే వంకాయ చక్రాలు వేయించుకోండి. మిగిలిన ఉండల్ని సాస్‌తో సహా ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఆగుతాయి. మర్నాడు రుచి ఇంకా బాగుంటుంది. వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు పోసి సన్నని సెగ మీదే పెట్టండి.