నొప్పి తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాలి: కీళ్లవాతంతో ఏళ్ల తరబడి నెట్టుకురావడం ఎలా

నేను బట్టలు కుట్టి బతికే మనిషిని. వేళ్లకు, మణికట్లకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే రకం కీళ్లవాతం వచ్చి చాలా ఏళ్లయింది. మోకాళ్లలో అరుగుదల ఆ తర్వాత మొదలైంది. ఇప్పటికీ కుడుతున్నాను. ఈ జబ్బు కొత్తగా బయటపడినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తారు?" అని. నొప్పి వచ్చిన రోజు ఏం చేయాలో శరీరమే చెబుతుంది, పట్టుకుని కూర్చోబెడుతుంది. నొప్పి తగ్గిన రోజు మీరేం చేస్తారన్నదాని మీదే మిగతా వారమంతా ఆధారపడి ఉంటుంది. ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం ఆ రోజు గురించే.

ముందు మీది ఏ రకమో డాక్టరు దగ్గర ఖాయం చేసుకోండి. కీళ్లవాతంలో వందకు పైగా రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది అరుగుదల. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి పలచబడుతుంది, వాడేకొద్దీ నొప్పి పెరుగుతుంది, పొద్దున లేవగానే పట్టేసినా మామూలుగా అరగంటలోపే సర్దుకుంటుంది. రుమటాయిడ్ అలా కాదు. మన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. సాధారణంగా రెండు చేతుల్లోనూ ఒకే చోట వాపు వస్తుంది, పొద్దున బిగుసుకున్న వేళ్లు వదలడానికి గంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది, ఒళ్లంతా నీరసంగా ఉంటుంది. ఈ రెండో రకానికి వ్యాయామం, జాగ్రత్తలు మాత్రమే సరిపోవు. జబ్బును అదుపు చేసే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే కీలు అంత మిగులుతుంది. ఒకసారి దెబ్బతిన్న కీలు మళ్లీ మామూలు కాదు.

పనిని గడియారం చూసి ఆపండి

కాస్త తేలిగ్గా ఉన్న రోజు వస్తే మనసు ఆగదు. ఆగిపోయిన పనులన్నీ ఆ ఒక్క రోజే పూర్తిచేయాలనిపిస్తుంది. సాయంత్రానికి కీళ్లు వాస్తాయి, మర్నాడు మంచం దిగలేరు. అలా పడుకున్న రోజుల్లో కండరాలు బలం కోల్పోతాయి. కండరం తగ్గితే అది మోయాల్సిన బరువు కూడా కీలు మీదే పడుతుంది, కాబట్టి తర్వాతిసారి అదే పనికి ఇంకా ఎక్కువ నొప్పి వస్తుంది. ఇలా ఏళ్లు తిరిగితే చేయగలిగిన పనులు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి. జబ్బు ముదిరిందని అనుకుంటాం, సగం ఈ తిరుగుడు వల్ల జరిగినదే అయి ఉంటుంది.

దీన్ని తెంచడానికి నాకు బాగా పనికొచ్చింది టైమర్. మామూలు రోజున ఒక పని ఎంతసేపు చేస్తే నొప్పి పెరగడం మొదలవుతుందో గమనించండి. అరగంట అనుకుందాం. ఇరవై నిమిషాలకే ఆపేయండి. నొప్పి మొదలయ్యాక ఆపడం ఆలస్యమే. నా మిషను పక్కన టైమర్ ఎప్పుడూ ఉంటుంది. అది మోగితే చెయ్యి సగంలో ఉన్నా వదిలేసి లేచి నిలబడతాను, వేళ్లు పూర్తిగా చాపి మూస్తాను, గదిలో నాలుగడుగులు వేస్తాను. బాగున్న రోజున దాన్ని పాటించడం కష్టం, ఎందుకంటే అప్పుడు ఆపాలనిపించదు. పాటించాల్సింది మాత్రం అప్పుడే.

విశ్రాంతి అంటే పడుకోవడమే కానక్కర్లేదు. వేళ్లతో చేసే పని తర్వాత నడిచి చేసే పని పెట్టుకోండి, నిలబడి చేసేదాని తర్వాత కూర్చుని చేసేది. నేను గుడ్డ కత్తిరించిన వెంటనే గుండీలు కుట్టను. రెండూ అవే కణుపుల మీద పడతాయి. ఆ మధ్యలో కొలతలు రాసుకోవడమో, ఫోన్లు మాట్లాడుకోవడమో చేస్తాను. బరువు పనులన్నీ ఒకే రోజు పెట్టకుండా వారం మీద పరచండి. ఎక్కువ నొప్పి ఉన్న రోజున పని తగ్గించండి, సున్నా మాత్రం చేయకండి. పని పెంచాలనుకుంటే కొంచెం పెంచి చూడండి, మర్నాడు పొద్దున మామూలుగా లేవగలిగితే అంతవరకు నిలబెట్టుకోండి.

కదిలితేనే కీలుకు తిండి

మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. దానికి కావాల్సిన పోషణ కీలు లోపల ఉండే ద్రవం నుంచే అందాలి. స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పీల్చుకున్నట్టు, కీలు మీద బరువు పడి తొలగుతూ ఉంటేనే ఆ ద్రవం లోపలికి వెళుతుంది. అందుకే "మోకాళ్లు అరుగుతున్నాయి, నడవకు" అని ఎవరైనా ప్రేమగా చెప్పినా ఆ మాట వినకండి.

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కూడా అదే లక్ష్యం. ఆ సంఖ్య చూసి టెన్షన్ పడొద్దు. పది నిమిషాల నడక రోజుకు మూడు సార్లు చేసినా అక్కడికే చేరుకుంటారు. నడిస్తే మోకాలు ఓర్చుకోకపోతే ఈత, నీళ్లలో నడక, కదలకుండా ఒకచోట ఉండే సైకిల్ మంచివి.

మోకాళ్ల కోసం తొడ ముందు కండరాన్ని తప్పక పెంచాలి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా చాపండి, తొడ బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు. అది తేలికయ్యాక, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. మొదట కాస్త ఎత్తైన కుర్చీతో చేయండి. ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించుకుని మొదలుపెడితే తప్పు భంగిమ అలవాటు కాదు.

ఎంత చేస్తే ఎక్కువ అన్నదానికి ఒక కొలత ఉంది. వ్యాయామం అయ్యాక పెరిగిన నొప్పి రెండు గంటలకు మించి ఉంటే ఆ రోజు ఎక్కువ చేశారని అర్థం, తర్వాతిసారి తగ్గించండి. అసలు మానేయకండి. తొడలోనో పిక్కలోనో మొద్దుగా లాగినట్టుంటే అది కండరం అలసట, భయం లేదు. కీలు లోపల సూటిగా పొడిచినట్టుంటే అక్కడితో ఆపండి. కీలు వాచి వేడిగా ఉన్నప్పుడు బరువు వ్యాయామాలు వద్దు. ఆ కీలును మెల్లగా అటూ ఇటూ, అది వెళ్లగలిగినంత మేరకు, రోజుకు ఒకటి రెండు సార్లు కదిపితే చాలు.

చేతులను కాపాడుకోవడం

నా బతుకు చేతుల మీదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. సూత్రం ఒకటే: చిన్న కీలు చేసే పనిని పెద్ద కీలుకు అప్పగించాలి. సంచిని వేళ్లకు తగిలించుకోకుండా ముంజేతికో భుజానికో వేసుకోండి. గిన్నెను ఒక చేత్తో అంచు పట్టి ఎత్తకుండా రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తండి. సొరుగును తుంటితో తోసి మూయండి. కుర్చీలోంచి లేచేటప్పుడు పిడికిలి కణుపుల మీద కాకుండా అరచేతి మీద బరువు వేయండి. గుడ్డను మెలిపెట్టి పిండకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కండి.

రెండో సంగతి పట్టు. వస్తువు ఎంత సన్నగా ఉంటే దాన్ని పట్టుకోవడానికి వేళ్లు అంత బిగించాలి. పెన్నుకు, చాకు పిడికి, బ్రష్షుకు మెత్తటి గుడ్డో స్పాంజి గొట్టమో చుట్టి లావు చేయండి. నేను వాడే కత్తెరకు స్ప్రింగు ఉంటుంది, నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకుంటుంది. బొటనవేలికి సగం పని తగ్గినట్టే. సూదిలో దారం ఎక్కించడానికి చిన్న పరికరం దొరుకుతుంది, చేతిపని చేసేవాళ్లు తప్పక తెచ్చుకోండి. ఫోను చేత్తో పట్టుకుని బొటనవేలితో టైపు చేయడం మానేసి స్టాండు మీద పెట్టండి, మాటతో రాయించండి. మణికట్టు నొప్పిగా ఉన్నప్పుడు పని చేస్తుంటే స్ప్లింట్ (కీలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ) వేసుకోవచ్చు, కానీ రోజంతా అదే వేసుకుని ఉంటే కీలు బిగుసుకుంటుంది.

పొద్దున వేళ్లు వదలకపోతే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టండి. ఆ నీళ్లలోనే పిడికిలి మూసి తెరవండి, బొటనవేలితో ఒక్కో వేలి కొసను తాకండి. బిగుసుకుపోయిన కీలుకు వేడి, వాచి వేడెక్కిన కీలుకు చల్లదనం. ఐస్ ప్యాక్ అయితే మధ్యలో గుడ్డ వేసి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు.

మోకాళ్ల విషయం

శరీర బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంతకు మించి పనిచేసే జాగ్రత్త మోకాళ్లకు లేదని నా నమ్మకం. ఏదో ఒక పదార్థం తింటే, మానేస్తే కీళ్లవాతం పోతుందని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. పొగ తాగేవాళ్లు మానేయండి. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో పొగ జబ్బును పెంచుతుంది, మందుల పనితనాన్నీ తగ్గిస్తుంది.

చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడకండి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో. చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది కానీ, రోజూ అలా పడుకుంటే కాలు పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది.

మందులు, డాక్టరు

రుమటాయిడ్‌ను అదుపు చేయడానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఒక్క సంగతి గోడ మీద రాసి పెట్టుకోండి: అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపరీక్షలు వాయిదా వేయకండి, పిల్లల కోసం అనుకునేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పండి. నొప్పి మాత్రలు రెండు రకాలు కలిపి వేసుకోవద్దు. వాటిని ఇష్టమొచ్చినట్టు వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. స్టెరాయిడ్లు కొంతకాలంగా వాడుతుంటే సొంతంగా ఒక్కసారే ఆపేయకండి. లోపల ఏముందో రాయని పొడులు, గుళికలు ఒక్క రోజులో నొప్పి తీసేస్తుంటే అనుమానించండి, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు.

ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా వస్తే మర్నాటి దాకా ఆగొద్దు. కీలులో చీము పట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి.

మామూలు తనిఖీకి వెళ్లేటప్పుడు "నొప్పిగా ఉంది" అని మాత్రమే చెబితే డాక్టరుకు పెద్దగా ఏమీ తెలియదు. పొద్దున వేళ్లు వదలడానికి ఎంతసేపు పడుతోంది, ఏయే కీళ్లు వాచాయి, పోయిన నెలలో చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏది, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. "గుండీ పెట్టుకోలేకపోతున్నాను", "సీసా మూత తీయడానికి ఇంకొకరిని పిలుస్తున్నాను" అని చెప్పండి. మందు మార్చాలా, మోతాదు పెంచాలా అన్నది తేల్చుకోవడానికి డాక్టరుకు అలాంటి వివరాలే కావాలి.