రోహిణి కార్తె ముందు పౌచ్ ఉన్నవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

బెజవాడలో రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటారు. అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు) పెద్దపేగు తీయించుకుని, చిన్నపేగు చివరతో జె ఆకారం పౌచ్, అంటే మలం నిలిచే సంచి, కుట్టించుకున్న నాలాంటివాళ్లం ఏప్రిల్‌లోనే సిద్ధమవ్వాలి. నీళ్లు పీల్చుకునే పెద్దపేగు మనకి లేదు. వట్టి మంచినీళ్లు ఎన్ని తాగినా చాలదు, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని దానిమీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలుపుకోండి. గ్లాసుకి చిటికెడు వేసుకుంటే కొలత తప్పుతుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

అసలు భయం పౌచైటిస్, అంటే పౌచ్ వాయడం. నా పాత ఫైల్లో రక్తపరీక్షలో పీ-ఆంకా యాంటీబాడీ (ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కణాల మీదే తయారుచేసేది) ఎక్కువని రాసిన కాగితం ఉంది. మా బావగారు దానిమీద ఎర్రపెన్నుతో గీత గీసి మరీ కంగారుపెట్టారు. ఆపరేషన్‌కి ముందు అది బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో పౌచైటిస్ మొండికేసే అవకాశం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, నిజమే. కానీ అది ఉన్నా పౌచ్ హాయిగా ఉన్నవాళ్లున్నారు, లేకపోయినా వాచినవాళ్లున్నారు. వాపు ఉందో లేదో తేల్చేది స్కోపీ (కెమెరా గొట్టంతో లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). ఆ కాగితం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఏటా మళ్లీ పరీక్షకి డబ్బు పోయకండి.

దానికంటే నాకు పనికొచ్చింది వంటింటి క్యాలెండర్. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడల్లా తారీఖు గడిలో పెన్సిల్ గీత. మామూలుగా ఆరు గీతలుండేవి, పోయిన మేలో వరసగా మూడు రోజులు పదకొండు దాటాయి. కడుపు మెలిపెట్టడం, ఆపుకోలేకపోవడం కూడా తోడైతే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. జ్వరం, రక్తం, కళ్లు తిరగడం, మూత్రం బాగా తగ్గడం ఉంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

పౌచైటిస్‌కి డాక్టర్ సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే రెండు సంగతులు. దాన్ని మజ్జిగతో మింగొద్దు, మందు ఒంటికి సరిగా పట్టదు. ఎండకి చర్మం కమిలిపోతుంది కూడా, మధ్యాహ్నం బీసెంట్ రోడ్డు షాపింగ్ మానుకోండి. మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే నోట్లో ఇనుము చప్పరించినట్టుంటుంది; ఆల్కహాల్ ముట్టొద్దు. పోయినసారి మిగిలిన మాత్రలు సొంతంగా మొదలెట్టొద్దు. తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అసలే వద్దు.

కొత్తావకాయ పౌచ్‌ని వాపెక్కించదు గానీ, గుంటూరు కారం బయటికొచ్చేటప్పుడు తెలుస్తుంది. నేను ఊట మాత్రం అన్నానికి అద్దుకుంటాను, ముక్క మా ఆవిడకి.