శివరాత్రి నుంచి ఉగాది లోపు: విశాఖ డాబా మీద వేసవి కూరగాయలు

విశాఖలో వేసవి కూరగాయల గింజలు వేయడానికి శివరాత్రి నుంచి ఉగాది దాకా మంచి అదను. ఈ నెల రోజుల్లో వేర్లు కుండీ అడుగుదాకా దిగితే, ఏప్రిల్, మే ఎండలను మొక్క తట్టుకుంటుంది. ఉగాది దాటాక వేసినా బెండ, బీర మొలుస్తాయి. కానీ వేరు పాకకముందే స్లాబు కాగిపోతుంది, వచ్చిన పూత రాలిపోతుంది. మన ఊళ్లో గాలిలో తేమకు లోటు లేదు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నమ్ముకోదగ్గ వాన మాత్రం ఉండదు. మనకు ఉక్కపోత, కుండీలో మట్టికి కరువు. అందుకే ఇక్కడ శ్రద్ధంతా వేరు మీదే పెట్టాలి. దానికి వేడి తగలకూడదు, ఉప్పు తగలకూడదు.

మట్టి కలపడం

12 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రో బ్యాగుకి సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది. పాత పెయింటు బకెట్ అయినా సరే, అడుగున వేలు దూరేంత చిల్లులు ఆరేడు పెట్టాలి. నాలుగు వంతులు ఎర్రమట్టి, మూడు వంతులు మాగిన పశువుల ఎరువు, మూడు వంతులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బ్యాగుకి 100 గ్రాముల వేపపిండి కలపండి. కోకోపీట్ లేకుండా ఎర్రమట్టి ఒక్కటే నింపితే ఎండకి గట్టిపడి, అంచుల దగ్గర విడిపోతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే కిందికి పోతాయి, వేరు పొడిగానే ఉంటుంది.

ఎరువు నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన రావాలి. పేడ వాసన ఇంకా వస్తోందంటే మాగలేదని అర్థం. అది వేస్తే లేత వేర్లు మాడతాయి, వేరుపురుగు కూడా పడుతుంది.

కోకోపీట్ ఇటుకను నేరుగా కలపొద్దు. కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పునీటిలో నానబెడతారు, ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది. బకెట్లో నానబెట్టి, పాత చీరముక్కలో వేసి గట్టిగా పిండండి. మొదటి నీళ్లు టీ డికాక్షన్‌లా దిగుతాయి. మళ్లీ నీళ్లు పోసి పిండండి. మూడోసారికి రంగు తేలిపోతుంది, అప్పుడు వాడుకోవచ్చు.

బీచ్ ఇసుక ఒక్క గుప్పెడు కూడా కలపొద్దు, ఉప్పే కారణం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మట్టి అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం. పైగా అది చాలావరకు ఎర్రబారిన ఇసుకే, మొక్కకు తిండి పెట్టే మట్టి కాదు.

స్లాబు వేడి, ట్యాంకు వేడి

తడిసిన 20 లీటర్ల బ్యాగు 25 కిలోల పైనే తూగుతుంది. డాబా మధ్యలో గుట్టగా పెట్టకుండా గోడల వెంట, దూలాలు వెళ్లే చోట వరుసగా పెట్టండి. ప్రతి బ్యాగు కింద రెండు ఇటుకలు తప్పనిసరి. ఆ ఖాళీలోంచి గాలి ఆడుతుంది, నీళ్లు నిలవవు, స్లాబు వేడి నేరుగా వేరుకు ఎక్కదు. నల్ల కుండీలైతే పడమటి ఎండ తగిలే వైపు గోనెసంచి చుట్టండి. మొక్క జానెడు ఎదిగాక మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ పరవండి. కాండం చుట్టూ రెండు వేళ్ల జాగా వదలకపోతే మొదలు కుళ్లుతుంది.

చాలామంది పట్టించుకోనిది సింటెక్స్ ట్యాంకు. డాబా మీది ట్యాంకులో, ఎండలో పడి ఉన్న పైపులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. సాయంత్రం నాలుగింటికి వాటినే పట్టేస్తే వేర్లు ఉడికిపోతాయి. తెల్లారి ఏడు లోపు పోయడమే మంచిది. సాయంత్రం తప్పదంటే పైపులో వేడి నీళ్లు బకెట్లోకి వదిలేసి, ట్యాంకు నీళ్లూ చల్లబడ్డాక పోయండి.

ఏవి వేయాలి

బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, బ్యాగుకి మూడు చొప్పున అంగుళం లోతున పెట్టండి. మొలిచాక బలమైనది ఉంచి మిగతావి కత్తెరతో కోసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. రెండు మొక్కలతో ఏ కూరా అవదు. పది ఉంటేనే రెండ్రోజులకోసారి వేపుడుకి సరిపడా కాస్తాయి. ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు తెల్లదోమ వల్ల వస్తుంది, మందు లేదు, కనబడగానే మొక్క తీసేయాలి. ఆ తెగులును బాగా ఓర్చుకునే అర్క అనామిక లాంటి రకం తీసుకోండి.

బీర, ఆనప ఒక్కో మొక్కకు 40 లీటర్ల మట్టి కావాలి. సగానికి కోసిన నీలం డ్రమ్ము సరిపోతుంది. కాకర గింజ మొనను నెయిల్ కట్టర్‌తో కాస్త తుంచి 12 గంటలు నానబెడితే త్వరగా మొలుస్తుంది. తోటకూర, గోంగూర, బచ్చలికి లోతు తక్కువ టబ్బులు చాలు. తోటకూర గింజలను చీమలు మోసుకుపోతాయి, టబ్బు చుట్టూ కాస్త బియ్యపు నూక చల్లితే వాటి దృష్టి అటు మళ్లుతుంది.

పాలకూర, కొత్తిమీర ఇప్పుడు మొదలుపెట్టొద్దు, ఆకు కోయకముందే పూతకొస్తాయి. టమాటా కూడా అంతే. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పూత నిలవడం కష్టం, ఏప్రిల్‌లో మన రాత్రులు అంతకన్నా వేడి.

పిందె నిలవాలంటే

తీగ నిండా పూలు, కాయ ఒక్కటీ లేదు. డాబా తోటల్లో ఇది అందరి బాధ. మొదటి వారం పది రోజులు వచ్చేవన్నీ మగపూలే, కంగారు పడొద్దు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు. మేడ మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి కాబట్టి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే పని మనమే చేయాలి, అదీ పువ్వు విచ్చుకునే వేళకే. బీర సాయంత్రం అయిదారింటికి విచ్చుకుంటుంది, ఆనప తెల్లపువ్వు చీకటి పడే వేళకు. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. నేతిబీర కూడా పొద్దునే పూస్తుంది, బీరే కదా అని సాయంత్రం వెళ్తే వాడిన పూలు దొరుకుతాయి.

మగపువ్వును తుంచి రేకులు వెనక్కి విరిచేయండి. మధ్యలో ఉన్న దాన్ని వేలితో తాకితే పుప్పొడి అంటాలి. అంటకపోతే ఇంకో పువ్వు చూడండి. దాన్ని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రం మీద అన్నివైపులా మెల్లగా రుద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె లావెక్కి కిందికి వంగితే నిలిచినట్టే. కొస నుంచి పసుపెక్కి ముడుచుకుపోతే పుప్పొడి అందలేదు, లేదా వేరు ఎండిపోయింది.

నీళ్లు, ఉప్పు

ఏప్రిల్‌లో ఎదిగిన మొక్క ఉన్న 20 లీటర్ల బ్యాగుకి పొద్దున రెండు మూడు లీటర్లు, అవసరమైతే సాయంత్రం ఒక లీటరు. రెండో కణుపు దాకా వేలు గుచ్చి చూసి, తడి తగిలితే పోయకండి. మధ్యాహ్నం రెండింటికి బీర ఆకులు వాలితే భయం లేదు, సాయంత్రానికి లేస్తాయి. తెల్లారి ఆరింటికి కూడా వాలి ఉంటే అప్పుడు మట్టి చూడాలి: పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరుకుళ్లు.

తీరానికి దగ్గర బోర్లలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర, ముదురాకుల కొసలు మాడటం దాని గుర్తులు. ఆ నీళ్లు తప్పకపోతే కొద్దికొద్దిగా చిలకరించకుండా, అడుగు చిల్లుల్లోంచి కాస్త కారేదాకా పోయండి. పదిహేను రోజులకోసారి కుళాయి నీళ్లు గానీ, ఏసీ పైపు నుంచి పట్టిన నీళ్లు గానీ పది లీటర్లు, అరగంట తేడాతో రెండు విడతలుగా పోస్తే ఉప్పు దిగిపోతుంది. పోషకాలు కూడా కొంత పోతాయి కాబట్టి వెంటనే రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్ వేయండి. ఏసీ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లలో మాత్రం ఉప్పు చిక్కబడి ఉంటుంది, మొక్కలకు వద్దు. సముద్రపు గాలి నేరుగా తగిలే డాబాల మీద వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆకులు కడగండి.

ఏప్రిల్ మొదటికల్లా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ ఏడు అడుగుల ఎత్తున, పడమటి ఎండను ఆపేలా కట్టండి. రోజంతా కప్పేస్తే కాపు తగ్గుతుంది. వేసవి సాయంత్రాల ఈదురుగాలికి చిరగకుండా, ఒక్క లాగుకి ఊడే ముడులు వేయండి.

పురుగులు

ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు లాంటి పోగులు ఉంటే ఎర్రనల్లి. పొడి వేడిలో పెరుగుతుంది, ఆకు అడుగుకు పైపుతో నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. పిండినల్లికి, తెల్లదోమకి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ బాగా గిలకొట్టి సాయంత్రమే చల్లాలి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. బీర, కాకర పిందెలకు పండు ఈగ బెడద ఉంటుంది. పిందె నిలిచిన రోజే కాగితం సంచి తొడగండి. ఈగ కుట్టి వంకరపోయిన కాయలను కంపోస్టులో వేయొద్దు, లోపలి పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై వస్తాయి. ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి వారం రోజులు ఎండలో పడేశాకే చెత్తబండికి ఇవ్వండి.