ట్రినిడాడ్‌కి కొత్తగా వచ్చారా? పెరట్లో జెండాలు పీకకండి

ఇక్కడ చీకటి పడ్డాక ఎవరైనా ఎదురుపడి "గుడ్ నైట్" అంటే సెలవు తీసుకుంటున్నారని కాదు, పలకరిస్తున్నారని. మీరూ "గుడ్ నైట్" అని, ఆ తర్వాత కబుర్లు మొదలుపెట్టాలి. నాకది తెలియదు. వచ్చిన మూడో రోజు ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి గుడ్ నైట్ అనగానే, "గుడ్ నైట్ ఆంటీ" అని తలుపేసేశాను. పాపం, చేతిలో గిన్నెతో కూర ఇద్దామని వచ్చిందావిడ.

రెండో వారం చేసింది అంతకంటే ఘోరం. చాగ్వానాస్ అనే ఊరి పక్కన మేం అద్దెకి దిగిన ఇంటి పెరట్లో ఒక మూల ఏడెనిమిది వెదురు కర్రలు పాతి ఉన్నాయి. వాటికి వెలిసిపోయిన గుడ్డ పీలికలు. మా ఆవిడా పిల్లలూ వచ్చేలోపు పెరడు శుభ్రం చేద్దామని రెండు కర్రలు పీకేశాను. ఇంటావిడ పరుగున వచ్చింది. తిట్టలేదు. "అది మా ఆజీ చేయించిన ఆఖరి పూజది" అని మాత్రం అంది. ఆజీ అంటే నాయనమ్మ. నేనే గొయ్యి తీసి మళ్లీ పాతాను.

వాటిని ఝండీలంటారు. ఇంట్లో పూజ అయ్యాక ఆ దేవుడి రంగు జెండా వెదురు కర్రకి కట్టి పెరట్లో నాటుతారు. ఎరుపైతే హనుమంతుడిది. అది ఎండకీ వానకీ చివికిపోయినా సరే, అలాగే ఉండాలి. రోడ్డు మీద పోతూ ఫలానాది హిందువుల ఇల్లని గుర్తుపట్టేది వీటిని చూసే. మీ అద్దె ఇంట్లో ఇవి ఉంటే గడ్డి కోసే మనిషికి కూడా ముందే చెప్పి పెట్టండి.

ఇక్కడ భారత మూలాలున్నవాళ్ల మొహాలు మనవాళ్లలాగే ఉంటాయి, పేర్లేమో రామ్‌కిసూన్, సూక్‌దేవ్. దాంతో మనం హడావిడిగా హిందీ ఎత్తుకుంటాం. వాళ్లకి హిందీ రాదు. భోజ్‌పురి ముసలివాళ్ల నోట అక్కడక్కడ మిగిలింది, అంతే. ఇంట్లోనూ బజార్లోనూ ట్రినిడాడ్ ఇంగ్లీషే. అయినా వంకాయ "బైగన్", కాకరకాయ "కరైలీ", పిన్ని "మౌసీ". భజన పుస్తకాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. హనుమాన్ చాలీసా మాత్రం పుస్తకం అక్కర్లేకుండా చదివేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు.

1845 మే 30న ఫతల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు మందిని ఇక్కడ దింపింది. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో పనికి మనుషులు దొరక్క, ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకుని తెచ్చారు. 1917 దాకా అలా వచ్చినవాళ్లు దాదాపు 1,44,000 మంది. ఎక్కువమంది ఇప్పటి యూపీ, బీహార్ ప్రాంతాల వాళ్లు. మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని వేలమంది వచ్చారు, వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అందరికీ కలిపి ఇక్కడ ఒకటే పేరు, "మద్రాసీ". వీరసామి, మూన్‌సామి లాంటి ఇంటిపేరు వినిపిస్తే ఆ ఓడలు గుర్తు చేసుకోండి. మే 30 ఇప్పుడు సెలవు రోజు, ఇండియన్ అరైవల్ డే.

ఒక్క మాట మాత్రం నోటి వెంట రానివ్వకండి: కూలీ. మనకది పని పేరు, ఇక్కడ తిట్టు. ఇంటికి ఫోన్ చేసి పొలం పనుల గురించి మాట్లాడుతూ "కూలీ రేట్లు పెరిగాయట" అన్నా పక్కన కూర్చున్నతను తలెత్తి చూస్తాడు. నాకు టాక్సీలో ఆ టెన్షన్ అయింది. దిగేదాకా వివరించుకోవాల్సి వచ్చింది.

పేరు చూసి మతం కూడా ఊహించకండి. 1868లో కెనడా నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ మిషనరీలు తోటల చుట్టూ బడులు పెట్టారు. చదువుతో పాటు చాలామంది క్రైస్తవం తీసుకున్నారు, ఇంటిపేర్లు అలాగే ఉండిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో భారత మూలాలున్నవాళ్లు 35 శాతం, హిందువులు 18 శాతం. అంటే మనవాడిలా కనిపించే ఇద్దరిలో ఒకరే హిందువని లెక్క. "రామ్" అని పేరున్నాయన ఆదివారం చర్చికి వెళ్తుంటే ఆశ్చర్యపోకండి, అడగకండి.

ఇక పూజల సంగతి. మిమ్మల్ని మొట్టమొదట పిలిచేది బహుశా "కథ"కి. కథ అంటే సత్యనారాయణ కథే. నేను అన్నవరం కొండ కింద పెరిగినవాణ్ణి, కాబట్టి నాకు తెలియంది ఏముందిలే అనుకుని వెళ్లాను. హోమం, చివర్లో ఝండీ నాటడం, పండిట్ కథ చెప్తూ మధ్యలో మైకులో భజన ఎత్తుకోవడం, మన వ్రతానికీ దీనికీ పోలికే లేదనిపించింది. పక్కాయనతో గుసగుసగా "మా దగ్గర ఇలా కాదు" అన్నాను. ఆయన నవ్వి, "మీ గుడి మీ ఇంటి దగ్గరే ఉంది. మా ముత్తాత పొద్దంతా చెరుకు నరికి, రాత్రి పనివాళ్ల బ్యారక్‌ల్లో ఇంకొకరి నోట విని నేర్చుకున్నాడు" అన్నాడు. అంతలో కళావతి ప్రసాదం తీసుకోకుండా భర్త దగ్గరికి పరుగెత్తే ఘట్టం వచ్చింది. నా వెనకాల ఇద్దరు ముసలమ్మలు అచ్చం మా అమ్మలాగే "చ్చొచ్చొ" అన్నారు. ఆ తర్వాత నేనెవరికీ పద్ధతులు నేర్పబోలేదు.

మీరూ ఆ పని చేయకండి. ఇండియా నుంచి వచ్చాం కాబట్టి అసలు సరుకు మనదీ, వాళ్లది నకలూ అన్న ధోరణి మనకి తెలియకుండానే మాటల్లో వచ్చేస్తుంది. 1945లో చట్టం వచ్చేదాకా ఇక్కడ పండిట్ చేసిన పెళ్లికి చెల్లుబాటు లేదు. ఆ పెళ్లిలో పుట్టిన పిల్లలు కాగితాల మీద అక్రమ సంతానం. అప్పుడు కూడా మానకుండా చేసుకున్నారు.

కథ అయ్యాక భోజనం సొహారీ ఆకులో పెడతారు. చూడ్డానికి అరిటాకుకి చెల్లెలిలా ఉంటుంది, చేత్తోనే తినాలి. అన్నం, పప్పు, పరాఠా, శనగలు-బంగాళాదుంప, గుమ్మడికాయ, మామిడికాయ కూర, చామాకు భాజీ. ఆరోజు మాంసం ఉండదు. పప్పు మాత్రం కందిపప్పు అనుకుని కలుపుకోకండి, బఠాణీ పప్పు. వెళ్లేటప్పుడు ప్రసాదం బ్రౌన్ కాగితపు సంచీలో పెట్టి ఇస్తారు. వద్దంటే బాధపడతారు, ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఇంకో సంచీ అడిగితే సంతోషిస్తారు.

మందిరాలు మన గుళ్లలా పొద్దున్నా సాయంత్రం తెరిచి ఉండవు. మామూలు రోజుల్లో చాలావాటికి తాళమే. ఆదివారం పొద్దున సత్సంగం ఉంటుంది, ఊరందరూ వచ్చి కూర్చుంటారు. అప్పుడు వెళ్లండి. రెండు ఆదివారాలు వెళ్తే చాలు, మూడో ఆదివారం రాకపోతే ఒంట్లో ఎలా ఉందని ఫోన్ వస్తుంది. స్కూళ్ల గురించి, డాక్టర్ గురించి, నమ్మకమైన మెకానిక్ గురించి నాకు తెలిసినవన్నీ మందిరం బయట చెప్పులేసుకుంటూ తెలుసుకున్నవే.

మన పద్ధతిలో అర్చన కావాలనిపిస్తే కారపిచైమాలో దత్తాత్రేయ మందిరం ఉంది. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి పీఠానిది. ద్రావిడ శైలి కట్టడం. ముందు 85 అడుగుల హనుమంతుడు, 2003లో నిలబెట్టారు. మొదటిసారి చూసినప్పుడు మా చిన్నాడు "నాన్నా, ఇండియా వచ్చేశామా" అన్నాడు.

అక్కడిదాకా వెళ్లాక పక్కనే వాటర్లూలో సముద్రంలో గుడి చూడకుండా రాకండి. శివదాస్ సాధు అనే చెరుకుతోట కార్మికుడు 1940ల చివర్లో ఒడ్డున గుడి కట్టాడు. భూమి చక్కెర కంపెనీదని కూల్చేశారు, ఆయన్ని జైల్లో పెట్టారు. బయటికొచ్చి, సముద్రం ఎవరిదీ కాదు కదా అని నీళ్లలో కట్టడం మొదలుపెట్టాడు. సైకిలు మీద రాళ్లూ సిమెంటూ మోసుకుంటూ పాతికేళ్లు. ఇప్పుడున్న గుడి 1990ల్లో ప్రభుత్వం మళ్లీ కట్టించింది. ఒడ్డునే దహనవాటిక కూడా ఉంది. మీరు వెళ్లిన రోజు చితి కాలుతూ ఉండొచ్చు, పిల్లలకి ముందే చెప్పండి, ఫోటోలు తీయకండి.

పంచాంగం విషయంలో కొత్తవాళ్లందరూ పప్పులో కాలేస్తారు. మనకంటే ఇక్కడ తొమ్మిదిన్నర గంటలు వెనక, ఏడాది పొడవునా అంతే. ఇండియాలో మంగళవారం పొద్దున మొదలైన తిథి ఇక్కడ సోమవారం రాత్రికే వచ్చేస్తుంది. కాబట్టి అమ్మ వాట్సాప్‌లో పంపిన పండగ తేదీ ఇక్కడ ఒక్కోసారి కుదరదు. పైగా వీళ్లది ఉత్తరాది లెక్క, పున్నమితో నెల ముగుస్తుంది. మన ఆశ్వయుజ అమావాస్య దీపావళి వీళ్లకి కార్తీక అమావాస్య. రోజొకటే, పేరే వేరు. ఉగాది ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు, వేపపువ్వు మనమే వెతుక్కోవాలి.

దీపావళికి సెలవు ఉంది, 1966 నుంచి. టపాసుల కంటే దీపాల పండగ. వారం ముందే ఊళ్లలో వెదురు బద్దలు చీల్చి, వంచి, కమానులు కట్టి, వాటి మీద వరసగా ప్రమిదలు పెడతారు. చాగ్వానాస్‌లో దివాలీ నగర్ అని పెద్ద జాతర, 1986 నుంచి జరుగుతోంది. పండగ రాత్రి ఏ ఇంటి ముందు ఆగినా లోపలికి పిలిచి తినిపిస్తారు, ఆఫ్రికన్ మూలాల పొరుగువాళ్లూ క్రైస్తవులూ అందరూ వస్తారు. ఆ ముందు వారాల్లో ఆఫీసులో ఎవరైనా "ఫాస్టింగ్‌లో ఉన్నా" అంటే పస్తున్నారని కాదు, మాంసం మానేశారని. నేను పాపమని మధ్యాహ్నం వాళ్ల ముందు టిఫిన్ బాక్సు తెరవడం మానేశాను. వాళ్లేమో నా ఎదుటే రెండు రోటీలు లాగించారు.

కాళీ మాయి గుళ్ల గురించి మీకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు హిందువులే "అక్కడికి వెళ్లకండి" అంటారు. మద్రాసీల నుంచి వచ్చిన ఆరాధన అది. మారియమ్మ, వేపాకులు, కర్పూరం, పూనకం, కొన్నిచోట్ల మేకపోతు. వాయించే డప్పు పేరు "తప్పు". మన తప్పెటే. పోలేరమ్మ జాతర చూసి పెరిగినవాళ్లకి అక్కడ ఏమీ కొత్తగా ఉండదు. మా ఊరి గ్రామదేవత గుడి ముందు నిలబడ్డట్టే అనిపించింది నాకు. అలాగే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ దగ్గర మొహర్రంకి "హోసే" ఊరేగింపు జరుగుతుంది. పీర్ల పండగ ఎరిగినవాళ్లు తప్పక చూడాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇండియా నుంచి నేరుగా విమానం లేదు, అమెరికా మీదుగా వచ్చేట్టయితే ట్రాన్సిట్ వీసా చూసుకోండి. మిలిటరీ రంగుల బట్టలు చట్టరీత్యా నిషేధం, పిల్లల చొక్కాలు కూడా సూట్‌కేసులోంచి తీసేయండి. బ్యాంకుల్లో అమెరికన్ డాలర్లు దొరకడం కష్టం. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు జీతం ఏ కరెన్సీలో అని ఉద్యోగంలో చేరకముందే అడగండి. కరెంటు 115 వోల్టులు, ఇండియా మిక్సీ తెచ్చుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇల్లు చూసేటప్పుడు నీళ్ల ట్యాంకు ఉందో లేదో చూడండి. ట్రాఫిక్ మనలాగే ఎడమవైపు. అద్దె టాక్సీల నంబరు "హెచ్"తో మొదలవుతుంది, "పి" అయితే ఎక్కకండి. చాగ్వానాస్, శాన్ ఫెర్నాండో వైపు ఆకుపచ్చ చార మ్యాక్సీ (షేర్ వ్యాను), తూర్పు వైపు ఎర్రచార. ఎక్కగానే అందరికీ వినబడేలా గుడ్ మార్నింగ్ చెప్పాలి, లేకపోతే పొగరనుకుంటారు. రాత్రిపూట నడక వద్దు.

పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ బండి కనిపిస్తుంది. రెండు మెత్తటి బారాల (నూనెలో వేయించిన చిన్న రొట్టెల) మీద శనగల కూర. "పెప్పర్?" అని అడుగుతాడు. అది మిరియాలు కాదు, ఇక్కడి మిరపకాయ. గుంటూరు వాళ్లమని బడాయికి పోకుండా "స్లైట్" అనండి.

కూరగాయలకి బెంగ లేదు. బెండ, కాకర, మునగ, చామాకు, "బోడీ" పేరుతో పొడుగు బొబ్బర్లకాయలు, అన్నీ చాగ్వానాస్ మార్కెట్లో దొరుకుతాయి. కరివేపాకు చెట్టు చాలా పెరళ్లలో ఉంటుంది, అడిగితే కొమ్మ విరిచి ఇస్తారు. నేను ఏడాది పాటు ఏడ్చింది గోంగూర కోసం. క్రిస్మస్ ముందు మార్కెట్ నిండా "సారెల్" అని ఎర్రటి కాయలు రాశులు పోస్తారు, ఉడికించి పానకంలా తాగుతారు. ఒకసారి కాయతో పాటు రెండాకులు అంటుకొని వస్తే నోట్లో వేసుకున్నాను. మన ఎర్ర గోంగూర! కాయ తీసుకుని ఆకు పారేస్తున్నారు. అమ్మే ఆవిడని ఆకు తెచ్చిపెట్టమంటే మేకలున్నాయా అని అడిగింది.

పచ్చడి చేసి ఇంటావిడకి సీసాడు ఇచ్చాను. వేలితో నాకి చూసి, తమ కుచేలా (మామిడికాయ ఊరగాయ) కంటే పులుపెక్కువ అంది, సీసా మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఏటా సారెల్ కోసే రోజుల్లో ఆకంతా ఒక సంచీలో కట్టి మా గేటుకి తగిలించి పోతుంది. కాయలు తనే ఉంచుకుంటుంది.