వానాకాలం జలుబులు మొదలవకముందే పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి చూడండి

నిరుడు శ్రావణంలో మా అమ్మకి జలుబు పట్టుకుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. మందుల షాపులో చెప్పి రెండు రకాల మాత్రలు తెచ్చి పూటకొకటి వేశాం. మూడో రోజు తెల్లవారుజామున వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్లాను. చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని, ఎందుకొచ్చిందో తెలియక పొయ్యి ముందు నిలబడి ఉంది. "ఏంటమ్మా?" అంటే నన్ను మా పిన్ని పేరు పెట్టి పిలిచింది. ఆ రోజంతా ఒంటేలు కూడా సరిగా రాలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు వయసు మీద పడిందిలే అన్నారు. డాక్టర్ మాత్రం ముందు ఆ మాత్రలు ఆపించారు. నాలుగో రోజుకి పాలవాడి నెల లెక్క అమ్మే తప్పు లేకుండా చెప్పింది.

చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. ముక్కు కారడాన్ని ఆపే ఈ మందు మెదడులోకీ వెళ్లి, అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడుతుంది. కొత్త విషయం గుర్తుండాలన్నా, ధ్యాస ఒకచోట నిలవాలన్నా ఆ రసాయనం కావాలి. పెద్ద వయసులో దాని పని ఎలాగూ తగ్గుతుంది. పైగా కాలేయం, కిడ్నీలు నెమ్మదించి మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. ఉమ్మెత్తకాయ తింటే పిచ్చెక్కుతుందని మన ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. నోరెండిపోతుంది, చూపు మసకేస్తుంది, లేనివి కనిపిస్తాయి. ఉమ్మెత్తలోని స్కోపోలమిన్ దెబ్బతీసేది కూడా ఈ అసిటైల్‌కోలిన్ పనినే. 1974లో అమెరికాలో డ్రాక్‌మన్, లెవిట్ అనే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకి స్కోపోలమిన్ ఇచ్చి పరీక్షిస్తే, వాళ్ల జ్ఞాపకశక్తి ముసలివాళ్లలో కనిపించే తీరులో తగ్గింది.

ఇది నాలుగు రోజుల జలుబు సంగతి. ఏళ్ల తరబడి వాడితే? సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన దాదాపు 3,400 మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే ఈ రకం మందులు ఎక్కువకాలం వాడినవాళ్లలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దాంతో తేలిపోలేదు. అయినా అవసరం లేని మాత్రని ఇంట్లో కొనసాగనివ్వకూడదనడానికి నాకు అది చాలు.

అందుకని వానలు ముదరకముందే ఒక మధ్యాహ్నం కూర్చుని డబ్బా మొత్తం మంచం మీద బోర్లించండి. మా అమ్మ డబ్బాలో కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పులే సగం. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది, మనకొచ్చింది రెండు మాత్రలున్న వెండి కాగితం. పేరు తెలియని మాత్రని పెద్దవాళ్లకి వేయకండి. ఇక నుంచి పేరు, తేదీ ఉన్న ముక్కే అడిగి తీసుకోండి.

తర్వాత పేర్లు చదవండి. దురదకి వేసే హైడ్రాక్సిజిన్, అవిల్‌లో ఉండే ఫెనిరమిన్, బస్సు ప్రయాణంలో వాంతులకి ప్రోమెథజిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, అరికాళ్ల మంటలకి అమిట్రిప్టిలిన్, మాటిమాటికీ వచ్చే మూత్రానికి ఆక్సీబ్యుటినిన్, వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్. ఇవన్నీ అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవే. ఒక్కో డాక్టర్ ఒక్కోటి రాస్తారు, అన్నీ కలిసేది మాత్రం ఒక్క మనిషి ఒంట్లో. మతిమరుపుకి డోనెపెజిల్ వాడుతున్నవాళ్లకి మూత్రం ఆగట్లేదని ఆక్సీబ్యుటినిన్ కూడా నడుస్తుంటే డాక్టర్‌ని తప్పకుండా అడగండి. మొదటిది ఆ రసాయనాన్ని నిలబెట్టాలని చూస్తుంది, రెండోది దానికి అడ్డం పడుతుంది.

నిద్రమాత్రల దారి వేరు. ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటివి మెదడుని మందగింపజేస్తాయి. రాత్రి మాత్ర వేసుకుని ఎప్పుడు లేచారో, ఏం మాట్లాడారో పొద్దున గుర్తుండకపోవచ్చు. బాత్రూమ్‌కి వెళ్తూ పడితే తుంటి ఎముక విరగొచ్చు. వీటికి జలుబు మాత్ర తోడైతే మత్తు మరీ ఎక్కువవుతుంది. అలాగని ఇది చదివి భయపడి ఈ రాత్రే ఆపేయకండి. చాలాకాలంగా వాడుతున్న నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుకి అలవాటుపడ్డవాళ్లు అది దొరకని రోజు పిచ్చిపిచ్చిగా ప్రవర్తించడం, ఆస్పత్రుల పాలవడం మనం చూసిందే. తగ్గించాలంటే డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మామూలు జలుబైతే ఉప్పునీళ్లు పుక్కిలించడం, ముక్కులో సెలైన్ చుక్కలు, వేడివేడి చారు, జ్వరముంటే తగిన మోతాదులో పారాసెటమాల్‌తో గడిచిపోతుంది. ఆవిరి పట్టేటప్పుడు గిన్నె ఒలికి కాళ్లు కాలకుండా పక్కనే ఉండండి. మాత్ర తప్పదంటే మత్తు తక్కువుండేది రాయమని డాక్టర్‌నే అడగండి.

ఒక్క రోజులో మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడకండి. పక్షవాతం, ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం కూడా ఇలాగే ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మందుల చీటీతో సరిపెట్టకుండా డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. అమ్మ ఏ మాత్ర వేసుకుందని డాక్టర్ అడిగినప్పుడు "పసుపు రంగుది" అని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను.