ఇంట్లోనే జీఆర్ఈ రాస్తున్నారా, ముందు రోజే ఇవి చూసుకోండి

జీఆర్ఈ అంటే విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే పరీక్ష, ఇంట్లోనే కంప్యూటర్ మీద కూడా రాయొచ్చు. ముందు కరెంటు సంగతి. మా చెల్లి గుంటూరులో మా ఇంట్లోనే రాసింది, లాప్‌టాప్‌కి ఫుల్ ఛార్జింగ్ ఉంది కదా ఇంకేం భయం అనుకున్నాం, తీరా ముందు రోజు సాయంత్రం కరెంటు పోతే లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది గానీ టీవీ వెనకాల వైఫై రౌటర్ లైట్లన్నీ ఆరిపోయాయి, ఆ ప్లగ్‌కి ఇన్వర్టర్ లైన్ లేదు మరి. ఆ రాత్రే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి బెడ్రూమ్ ప్లగ్ నుంచి వైరు లాగాం. మీరూ ఓసారి మెయిన్ ఆపేసి నెట్ ఉంటుందో లేదో చూసుకోండి, అయిదు నిమిషాల పని.

పేరు కూడా. మనవాళ్ళకి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పరీక్షకి రిజిస్టర్ చేసుకున్న అకౌంట్‌లో మాత్రం అలవాటుగా ఒక్క ఇనీషియల్ కొట్టేస్తారు. రెండూ అక్షరం తేడా లేకుండా ఉండాలి, పరీక్షకి ముందు ఐడీ చూసే చెకిన్ టైమ్‌లో చూసుకుంటే లాభం లేదు.

రఫ్ వర్క్‌కి మామూలు కాగితం ఒప్పుకోరు. చిన్న వైట్‌బోర్డు, లేదంటే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన ఒక తెల్ల కాగితం, దాని మీద చెరిగిపోయే మార్కర్, అంతే. మార్కర్ ములుకు లావుగా ఉంటే రెండు లెక్కలకే బోర్డు నిండిపోతుంది, అందుకే సన్నది కొనుక్కుని వారం ముందు నుంచే మాక్ టెస్టులు దాని మీదే రాయండి. చివర్లో బోర్డు చెరిపి కెమెరాకి చూపించాలి, మర్చిపోవద్దు.

మంచం మీద కూర్చుని రాస్తానంటే కుదరదు, టేబుల్, కుర్చీ ఉండాలి, తలుపు ప్రోక్టర్‌కి (కెమెరాలో మనల్ని గమనించే పర్యవేక్షకుడికి) కనిపించాలి. ఇయర్‌ఫోన్స్ వద్దు, స్పీకరే, చెవులు జుట్టుతో కప్పుకోకూడదు. గది చూపించేటప్పుడు స్క్రీన్ చూపించడానికి చిన్న అద్దం దగ్గర పెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్ మాత్రం వాడొద్దు, వీపీఎన్, ఫైర్‌వాల్ అడ్డుపడతాయి, సొంత దాంట్లో కూడా ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు ఉంటే తీసేయండి.

2023 సెప్టెంబర్ నుంచి ఎగ్జామ్ 1 గంట 58 నిమిషాలే, మధ్యలో బ్రేక్ లేదు, కాబట్టి నీళ్ళు, బాత్రూమ్ ముందే కానిచ్చేయండి. ఆ రెండు గంటలూ ఎవరూ గదిలోకి రాకూడదు, ఇది ఇంట్లోవాళ్ళకి ఒకసారి చెప్తే చాలదు. మా అమ్మకి మూడుసార్లు చెప్పాం, అయినా నేను తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నా, పాలవాడు బెల్ కొట్టకుండా గేటు దగ్గర చీటీ కూడా పెట్టాం.