కొలువు కొండకి ఆఖరి రాత్రి రంగు కొట్టకండి

దసరాకి మా వీధిలో ఒక ఇంట్లో బొమ్మల కొలువుకి నిప్పంటుకుంది. తొమ్మిది మెట్లు, ఎడమ పక్కన థర్మాకోల్ కొండ, కొండ మీద గుడి, కింద పల్లెటూరు. రాత్రి పదకొండింటికి ఆ ఇల్లాలు కొండ అంచున ఇంకా తెల్లగా కనబడుతున్న చోట ఆకుపచ్చ స్ప్రే డబ్బాతో నాలుగైదు సార్లు కొట్టింది. జల్లు పడుతోందని కిటికీలు వేసి ఉన్నాయి. దీపం కొండ దగ్గర లేదు, ఆరడుగుల అవతల గది మూలన ఉంది. "మంట నేల మీద పాకుతూ వచ్చింది పిన్నీ, మెట్ల కిందకి దూరింది" అని మర్నాడు చెప్పింది. పక్కనే కూర్చుని మబ్బుల కోసం దూది విడదీస్తున్న పదేళ్ళ పిల్లకి పిక్కలు కాలాయి. మానుతున్నాయి. ఆ మచ్చలు మాత్రం పోవడానికి చాలా కాలం పడుతుంది.

సంక్రాంతి కొలువులకి ఇంకా మూడు వారాలుంది. చాలా ఇళ్ళలో కొండలూ చెరువులూ పొలాలూ ఇప్పుడే మొదలవుతాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కత్తి చూసి పట్టుకోండి, పిల్లల్ని కనిపెట్టుకోండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. ముప్పై ఏళ్ళుగా కొలువు పెడుతూ, నలుగురి ఇళ్ళలో పెట్టిస్తూ నేను చూసిన పెద్ద తప్పు ఒక్కటే. బొమ్మలన్నీ సర్దేశాక, దీపం వెలిగించిన గదిలో, కొలువు మొదలయ్యే ముందు ఆఖరి రాత్రి రంగు కొట్టడం.

ఆ తప్పు ఎందుకు జరుగుతుంది

స్ప్రే డబ్బాలో రంగుని బయటికి తోసేది మండే వాయువు. రంగుని పలచగా ఉంచేది థిన్నరు జాతి ద్రవం. ఈ రెంటి ఆవిరీ గాలికంటే బరువు. పైకి పోదు, కిందికి దిగి నేలని పట్టుకుని పాకుతుంది. మెట్లకి దుప్పటి కప్పుతాం కదా, ఆ దుప్పటి కింద అంతా బోలు, అక్కడ నిలవ ఉంటుంది. నిలబడ్డవాళ్ళ ముక్కుకి వాసన తగ్గినా నేల దగ్గర తగ్గదు. ధనుర్మాసంలో ఇంకో చిక్కు: చలికి, మంచుకి తలుపులన్నీ బిగించి కూర్చుంటాం. దీపం ఒక్కటే కాదు, అగరువత్తి, దోమల చక్రం, పక్కగదిలో గ్యాసు పొయ్యి, అన్నీ నిప్పే.

ఇవన్నీ తెలిసినవాళ్ళు కూడా ఈ పని చేస్తారు. పగటి వెలుతురులో కొండ బాగానే ఉంటుంది. భోగి ముందు రాత్రి సీరియల్ సెట్టు వెలిగించేసరికి పక్కనుంచి వెలుతురు పడి ప్రతి గుంటలోనూ తెల్ల థర్మాకోల్ కనబడుతుంది. పొద్దున్నే పేరంటాళ్ళు వస్తారు. బొమ్మలు తీసి కొండని బయటికి మోసే ఓపిక ఉండదు. డబ్బా చేతిలోనే ఉంటుంది.

కాబట్టి ఆ తెల్ల చుక్కలు ఆ రాత్రికి మిగలకుండా ఇప్పుడే చూసుకోవాలి.

తెల్ల చుక్క మిగలని కొండ

థర్మాకోల్ ముక్కలు ఫెవికాల్‌తో అతికించాక దాని మీద నేరుగా రంగు వేయకండి. రెండు వంతుల ఫెవికాల్, ఒక వంతు నీళ్ళు కలిపి, చింపిన న్యూస్‌పేపరు ముక్కలు తడిపి కొండంతా రెండు పొరలు అంటించండి. ఈ చలిలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది. తొందరపడి హెయిర్ డ్రయ్యరు పెడితే లోపల థర్మాకోల్ కుంగుతుంది. కాగితం పొర రాతికి ముడతల్ని కూడా ఇస్తుంది.

తరువాత మొదటి రంగు నలుపుకి దగ్గరగా ఉండే ముదురు గోధుమ. దాన్ని పలచగా కలిపి ప్రతి గుంటలోకీ, ప్రతి సందులోకీ కుంచెతో పొడవండి. ఇదే అసలు పూత. అందరూ లేత రంగుతో మొదలుపెడతారు, అందుకే గుంటలు తెల్లగా మిగులుతాయి. ముదురు రంగు ఆరాక బూడిద కలిసిన గోధుమ రంగు తీసుకుని, కుంచెని గుడ్డకి తుడిచి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తుగా ఉన్న అంచుల మీద మాత్రమే తేలిగ్గా రుద్దండి. ఆఖరున ఇసుక రంగు, అదీ పైఅంచులకే. గుంటలు నీడలా లోపల ఉండిపోతాయి, అంచులకి ఎండ తగిలినట్టుంటుంది. నీళ్ళలో కలిసే అక్రిలిక్ చాలు. గోడలకి వేయగా మిగిలిన ఎమల్షన్‌లో స్టెయినరు (రంగునిచ్చే ద్రవం) కలిపినా చాలు. స్ప్రే అక్కర్లేదు.

భోగికి ఐదు రోజుల ముందు గది చీకటి చేసి, ఖాళీ కొండ మీద టార్చి పక్కనుంచి తిప్పి చూడండి. తెలుపు కనబడితే కుంచెతో అద్దండి. ఆఖరి రాత్రి మళ్ళీ ఒక చుక్క కనబడినా కుంచే, నీళ్ళ రంగే. డబ్బా ముట్టుకోకండి.

స్ప్రే తప్పదనుకునేవాళ్ళు డాబా మీదకి వెళ్ళండి. కాగితం కప్పని థర్మాకోల్ మీద పడితే ఆ థిన్నరు దాన్ని తినేస్తుంది. ఒక ముక్క మీద కొట్టి చూడండి, రంగు తగిలిన చోటల్లా గింజలు కరిగి కొండ జల్లెడలా గుంటలు పడుతుంది. కొట్టిన వస్తువుని ఆ రోజు ఇంట్లోకి తేకండి. మర్నాడు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వాసన లేకపోతేనే లోపలికి. రంగు బయట, దీపం లోపల.

దూది, సూపర్ గ్లూ

ఇది చాలామందికి తెలియదు. జలపాతానికీ, మబ్బులకీ దూదిని ఫెవిక్విక్‌తో అతికిస్తారు. ఒక్క చుక్క పడితే ఏమీ కాదు, నాలుగైదు చుక్కలు పడితే కొన్ని సెకన్లు ఊరుకుని, దూది గట్టిపడుతూ, తెల్లటి ఘాటైన పొగ లేస్తుంది. వేళ్ళ మధ్య పట్టుకుని ఉంటే వదలదు, అతుక్కునే కాలుస్తుంది. ఆ జిగురుకి నూలు తగిలితే చప్పున గట్టిపడుతుంది, ఆ గట్టిపడటంలోనే వేడి పుడుతుంది. నూలు చీర కొంగు మీద ఒలికినా అదే జరుగుతుంది. దూదికి ఎప్పుడూ ఫెవికాలే. చర్మానికి జిగురు అంటుకుంటే పీకకండి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా దొర్లించండి.

చెరువు, పొలం, బొమ్మలు

చెరువుకి అద్దం ముక్క పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ మంచిది. రెసిన్ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గాజులా గట్టిపడేది) పోసేవాళ్ళు మొత్తం ఒకేసారి పోయకండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మందంగా పోస్తే పొగలు కక్కి పగులుతుంది, కింద థర్మాకోల్‌ని కరిగిస్తుంది. పలచగా ఒక పొర, అది చల్లారాక ఇంకొకటి. చేతులకి గ్లోవ్స్ తప్పనిసరి. రెసిన్ ఒంటికి సరిపడకపోవడం ఒకసారి మొదలైందంటే, తరువాత ఎప్పుడు తగిలినా దద్దురే.

వారం ముందు చల్లిన రాగులు, ఆవాలు మొలిచి నిజమైన పొలంలా ఉంటాయి. ఆ పళ్ళెంలో రోజూ నీళ్ళు పోస్తారు. కొండపల్లి ఎడ్లబండిని దాంట్లో నిలబెట్టకండి. అది తెల్ల పొణికి కర్ర, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించిన బొమ్మ. అడుగు తడిస్తే అతుకు ఊడుతుంది, రంగు లేస్తుంది. చిన్న ప్లైవుడ్ బిళ్ళ మీద బొమ్మని నిలిపి, బిళ్ళ చుట్టూ పొడిమట్టి చల్లితే బిళ్ళ కనబడదు. ఏటికొప్పాక బొమ్మలకి నీళ్ళకంటే వేడి ప్రమాదం. అంకుడు కర్ర మీద లక్క పూత అది. బల్బు ఆనుకుని ఉంటే మెత్తబడుతుంది, శానిటైజరుతో తుడిస్తే కరుగుతుంది. పొడిగుడ్డ చాలు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చెయ్యి ముంచి అచ్చు తీయకండి. 2007లో ఇంగ్లండ్‌లో బళ్ళో అలా చేసిన పదహారేళ్ళ అమ్మాయికి రెండు వేళ్ళు తప్ప మిగతావన్నీ పోయాయి. గట్టిపడేటప్పుడు అది కాగుతుంది, చెయ్యి బయటికి రానివ్వదు.

కలిపిన ప్లాస్టర్ గిన్నెని సింకులో కడగకండి.

అమ్మమ్మల నాటి బొమ్మలకి గరుకు కాగితం పెట్టకండి. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్ళకి మించకూడదన్న నియమం మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకు ముందరి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్‌లో ఎంత ఉందో కంటికి తెలియదు. ఆ పొడి పిల్లల వేళ్ళకి అంటి నోట్లోకి పోతుంది. అటక మీది పాత రంగు డబ్బా తెరవకండి.

కాల్చిన చాకుతో థర్మాకోల్ కోయకండి, ఆ పొగ పీల్చకండి. కట్టరు చాలు.

సీరియల్ సెట్టు వైరు మొలకల పళ్ళెం కింద నుంచి తీయకండి. రంపపు పొట్టుతో చేసిన గడ్డి కింద అసలే తీయకండి. టేపు చుట్టిన అతుకున్న సెట్టు వాడకండి.

పడుకునే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి కట్టేయడం చాలదు.

హారతి పళ్ళెం గుమ్మం వైపు నుంచి చూపించండి, మెట్ల మీదకి వంగి కాదు. కొంగు నడుముకి దోపుకోండి. దీపం మెట్ల మీద పెట్టకండి, కొండ పక్కన పెట్టకండి, దూది ఉన్న వైపు పెట్టకండి.

బకెట్టు నీళ్ళు, తడి గోనెసంచి గదిలో ఉంచండి. వైరు అంటుకుంటే ముందు మెయిన్ కట్టేయండి, తరువాతే నీళ్ళు.

మంట అంటుకున్న థర్మాకోల్ కరిగి చుక్కలుగా రాలుతుంది, చర్మానికి అతుక్కుంటుంది. చేత్తో లాగకండి. పిల్లల్ని తీసుకుని బయటికి రండి. ఫైరుకి 101, అంబులెన్సుకి 108.

కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి. ఇంకు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు. పెద్దగా కాలితే ఆసుపత్రికే.

వాసన ఘాటుగా ఉన్న గదిలో స్విచ్చి వేయకండి, ఫ్యాను కూడా. ముందు తలుపులు తీయండి.

ఖాళీ స్ప్రే డబ్బాని భోగి మంటలో వేయకండి. పేలుతుంది.

మళ్ళీ చెబుతున్నాను, బొమ్మలు సర్దాక రంగు కొట్టకండి. చుక్క తెల్లగా ఉంటే ఉండనివ్వండి. ఎండుగడ్డి పోచ ఒకటి అక్కడ గుచ్చండి, పేరంటాళ్ళు దాన్నే చూసి బాగుందంటారు.

కొలువు ఎత్తే రోజు ఆనవాయితీగా ఒక బొమ్మని పడుకోబెట్టాక వైర్లన్నీ తీసేసి, ఆ తరువాతే కొండ విప్పండి. విప్పిన థర్మాకోల్‌ని పక్క ఖాళీ స్థలంలో తగలబెట్టకండి. పెద్ద ముక్కలు సంచిలో కట్టి అటకెక్కించండి, వచ్చే ఏడు కాగితం పొరతో సహా పనికొస్తాయి.